సప్పుడుంటేనే నిద్రపట్టే అవ్వ

పోయిన వారం కంప్యూటర్‌కు దుమ్ము దులిపించాను. దులపడానికి వచ్చిన షాపతను పక్క అద్దం విప్పి, లోపలికి టార్చి కొట్టాడు. తర్వాత వేలితో ఏదో గీకి, వాసన చూసి, నా మొహం చూశాడు.

"అన్నా, ఫ్యాన్ల మీద నూనె ఉంది. మిషిన్లకు పోసే అసొంటి నూనె. గిదెట్లచ్చింది?"

నాకు నవ్వొచ్చింది.

"మరి అద్దం మూలకు గీ ఎర్రది ఏంది? తుప్పా?"

"కుంకుమ."

అతను టార్చి ఆర్పి కింద కూర్చున్నాడు. "కంప్యూటర్‌కు నూనె పోసుడేందన్నా? ఎవలన్నా పోస్తరా?"

"మా అవ్వ పోసింది," అన్నాను.

మా అవ్వ అంటే నన్ను కన్నతల్లి కాదు. మా ఇంటి ఓనరన్న వాళ్ల తల్లి. అందరూ అవ్వ అనే పిలిచేవాళ్లు, నేనూ అట్లనే పిలిచాను. అసలు పేరు ఏనాడూ అడగలేదు, అడిగితే ఆమె కూడా కొంచెం ఆలోచించి చెప్పేదేమో. షాపతను గుడ్డతో ఆ మరకలు తుడవబోతే, దుమ్ము మాత్రం దులుపు తమ్మీ, అవి ఉండనీ అన్నాను. పైసలిచ్చే మనిషి కదా అని అతను గుడ్డ పక్కన పెట్టాడు.

మాది హుస్నాబాద్ దగ్గర పల్లె. కరీంనగర్‌లో ఈ ఇంటి కింది భాగంలో రెండు గదులుంటే ఒకటి నేను అద్దెకు తీసుకున్నాను. పైన ఓనరన్న, ఆయన భార్య ఉంటారు. ఆమెను నేను అక్కా అంటాను. వాళ్ల బాపు పోయాక ఓనరన్న సిరిసిల్ల నుంచి తల్లిని తెచ్చుకున్నాడు. మెట్లెక్కలేదని నా పక్క గది ఆమెకు ఇచ్చారు. ఇటు నేను, అటు ఆమె, మధ్యలో ఒక్క గోడ.

ఇక నా సంగతి. ఫోన్లలో వినే కథల పుస్తకాలు ఉంటాయి చూడండి, వాటికి గొంతు ఇవ్వడం నా పని. కూర్చుని చదవడమే కదా అంటారు అందరూ. చదవడం తేలికే, చుట్టూ సప్పుడు లేకుండా చూసుకోవడమే చావు. ఫ్యాను ఆపాలి, కిటికీ మూయాలి, గోడలకు బొంతలు వేలాడదీయాలి. కాకి అరిస్తే ఆగాలి, కూరగాయల బండి వస్తే ఆగాలి. ఆ పని చేసీ చేసీ నాకు సప్పుడంటేనే ఒళ్లు మంట. అసొంటి నా పక్కకు, సప్పుడు లేకపోతే బతకలేని మనిషి వచ్చి పడింది.

ఆమె బతుకంతా సాంచల పక్కన గడిచింది. సిరిసిల్ల దిక్కు మరమగ్గాన్ని సాంచ అంటారు. భర్త సాంచలు నడిపేవాడు, ఆమె ఆ పక్కనే కూర్చుని కండెలు చుట్టేది. కండెలో నూలు అయిపోయినా, పోగు తెగినా సాంచ ఆగిపోతుంది. ఆగితే గుడ్డ లేదు, గుడ్డ లేకుంటే కూలి లేదు. అందుకని ఆ సప్పుడు నడిచినంతసేపు ఆమెకు ఏ ఫికరూ లేదు. పిల్లల్ని అందులోనే నిద్రపుచ్చింది, తనూ అందులోనే గోడకు ఆనుకుని కునికింది. సప్పుడు ఆగితే మాత్రం ఎంత నిద్రలో ఉన్నా దిగ్గున లేచి కూర్చునేది.

"ఏమాగిందిరా?"

ఇది ఆమె మాట. పొద్దున లేస్తే ఈ మాట, పండుకోబోతే ఈ మాట. ఫ్రిజ్ ఉంది కదా, అది తన మానాన తాను కాసేపు గుర్రుమని ఊరుకుంటుంది. ఊరుకున్న ప్రతిసారీ పక్క గదిలోంచి "ఏమాగిందిరా?" నీళ్ల మోటరు బంద్ చేస్తే "ఏమాగిందిరా?" పక్కింటి మిక్సీ ఆగినా ఆమెకే కావాలి. "ఏం ఆగలేదవ్వా, ఫ్రిజ్," అని నేను గోడ ఇవతలి నుంచి జవాబు చెప్పాలి. చెప్పకపోతే లేచి వచ్చి తలుపు కొట్టేది. ఏం ఆగిందో తెలిశాక "అట్లనా" అని వెళ్లిపోయేది.

మెల్లగా మాట్లాడటం ఆమెకు చేతకాదు. రహస్యం చెప్పినా వీధి చివరి దాకా వినబడేది. ఓసారి నా చెవి దగ్గరికి వచ్చి "కోడలు చాయల చక్కెర తక్కువేస్తాంది, ఎవలకు చెప్పకు" అంది, పైనుంచి అక్క "ఇంక రెండు చెంచాలేస్త తీయ్ అత్తమ్మా" అని జవాబిచ్చింది. సాంచల షెడ్డులో అంతసేపూ నోటితో అరవలేరు కాబట్టి చేతులతో మాట్లాడుకుంటారట. ఆ అలవాటు ఇక్కడా పోలేదు. వరండాలో కూర్చుని బొటనవేలు నోటి దగ్గర వంచితే చాయ్ కావాలని, అరచేయి నేల మీద చరిస్తే వచ్చి కూర్చోమని. పెదవులు చూసి మాట పట్టడం కూడా అక్కడే నేర్చింది.

ఆ విద్య నా మీదే ప్రయోగించింది. నా గది తలుపుకు చిన్న అద్దం ముక్క ఉంది. నేను లోపల మైకు ముందు కూర్చుని కథ చదువుతుంటే ఆమె వరండాలో కూర్చుని ఆ అద్దంలోంచి నా పెదవులే చూసేది. మొదట్లో నాకు తెలియదు. ఒకరోజు పని ముగించి బయటికి రాగానే నిలదీసింది.

"ఆ పిల్ల మళ్ల తల్లింటికి పోయిందా, లేదా? నువ్వు నడుమల చెంబు మూతికాడ పట్టుకొని చదివినవ్, నాకు సగం కథ పోయింది."

అప్పటినుంచి నీళ్లు తాగగానే చెంబు కింద పెట్టి చదవడం నాకు అలవాటైంది.

ఇంత హుషారు మనిషికి నిద్ర మాత్రం లేదు. వచ్చినప్పటి నుంచీ లేదు. మా కాలనీలో చీకటి పడితే పిట్ట కూడా మాట్లాడదు. నాకు అదే స్వర్గం. ఆమెకేమో ఏదో పెద్దది ఆగిపోయినట్టు, తను లేచి చూడాల్సినట్టు ఉండేదట. "గీ ఊళ్లె సప్పుడు లేక చెవులు కొట్టుకపోతన్నయ్ కొడుకా," అనేది. డాక్టరు గోళీలు రాస్తే వేసుకుని, తూలి గడప దగ్గర పడింది. మోచేయి వాచింది. ఆ గోళీలు అక్క తీసి పారేసింది. కళ్ల కింద నలుపు, నడకలో తూలు, తిండి మీద మనసు లేదు. ఓనరన్న సిరిసిల్లకే తిరిగి తీసుకుపోదామా అంటే అక్కడ ఇప్పుడు ఎవరున్నారని ఆమే అడ్డం పడింది. ఇంటిల్లిపాదీ పరేషాన్.

అప్పుడే నేను కొత్త కంప్యూటర్ కొన్నాను. పాతదాని ఫ్యాను సప్పుడు పడలేక కొన్నాను. షాపులో అడిగితే లిక్విడ్ కూలర్ పెట్టించుకో అన్నా, నీళ్లతో సల్లబడుతది, పిల్లి నడిచినంత సప్పుడు కూడా రాదు అన్నారు. ప్రాసెసర్ మీద చిన్న పంపు, దానికి రెండు గొట్టాలు, గొట్టాల చివర రేడియేటర్, దానికి ఫ్యాన్లు. పక్కన అద్దం, లోపల రంగురంగుల లైట్లు. పెళ్లికొడుకును తెచ్చినట్టు తెచ్చి టేబుల్ కింద పీట వేసి కూర్చోబెట్టాను. మీట నొక్కాను.

గుడగుడగుడ. ఆపైన కరకర. మళ్లీ గుడగుడ.

షాపుకు ఫోన్ చేశాను. "నీళ్ల డబ్బా అన్నా అది. జర నీళ్ల సప్పుడు ఉండదా? నాలుగొద్దులైతే అదే సర్దుకుంటది," అన్నారు. కొనేముందు పిల్లి, కొన్నాక నీళ్లు.

సర్దుకుంటుందేమోనని అట్లనే ఒక అధ్యాయం చదివి కంపెనీకి పంపాను. కొత్త కంపెనీ, మొదటి పుస్తకం. అక్కడ పని చూసే మేడం విని ఫోన్ చేసింది. "గొంతు బాగుంది సార్. కానీ వెనకాల ఎవరో హుక్కా పీలుస్తున్నారు." దసరాలోపు శుభ్రమైన రికార్డింగ్ రాకపోతే పుస్తకం వేరేవాళ్లకు ఇస్తామని కూడా మర్యాదగా చెప్పింది.

ఆ ఫోన్ పెట్టేసి తల పట్టుకుని కూర్చుంటే తలుపు తీసుకుని అవ్వ వచ్చింది. చంకలో చాప.

"ఏం నడుస్తాంది కొడుకా?" అంది. ఏమాగింది అని కాకుండా ఏం నడుస్తోంది అని ఆమె అడగగా వినడం నాకు అదే మొదటిసారి. టేబుల్ దగ్గరికి వచ్చి, వంగి, కంప్యూటర్ డబ్బా మీద అరచేయి పెట్టి, ఆ చేయి కళ్లకద్దుకుంది. చాప పరిచింది. పడుకుంది. నేను ఇంకా ఏదో చెప్పేలోపే గుర్రు మొదలైంది. చాయ్ తెచ్చిన అక్క గడపలోనే నిలబడిపోయింది.

"పండుకున్నదా?" అంది గుసగుసగా. కళ్లలో నీళ్లు. "తమ్మీ, నీ కంప్యూటర్ సల్లగుండ."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం ఆమె నిద్ర నా గదిలోనే. ఆమె నిద్రపోయేది, నేను దాని రోగం వెతికేవాణ్ని. ముందు ఫ్యాన్ల మీద అనుమానం. ఒక్కో ఫ్యాను వైరు పీకి చూశాను, గుడగుడ అట్లనే ఉంది. వైరు ఏదైనా రెక్కలకు తగులుతోందేమోనని అన్నీ కట్టలు కట్టాను. లేదు. పీట కింద మందపాటి గుడ్డ పెట్టాను. లేదు. పంపు వేగం తగ్గిస్తే గుడగుడ మెల్లబడి, కరకర పెరిగింది. అంటే రోగం పంపులోనే. వేగం తగ్గించినప్పుడల్లా చాప మీంచి ఒక కన్ను తెరుచుకునేది.

"మంచిగనే నడుస్తాంది గదా, దాన్నెందుకు సతాయిస్తవ్?"

ఒకరోజు స్క్రూలు తేవడానికి బజారుకు పోయి వచ్చేసరికి ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని కొంగుకు చేతులు తుడుచుకుంటోంది. పక్క అద్దం నేను తీసి పెట్టిందే, దాని మూలకు కుంకుమ బొట్టు. ఆమె పక్కన పొడుగు ముక్కు నూనె డబ్బా. అది ఆమె భర్తది. రోజూ పొద్దున్నే సాంచలకు నూనె పెట్టేవాడట. సిరిసిల్ల నుంచి బట్టల మూటతో పాటు దాన్నీ తెచ్చుకుంది.

"పొద్దుగాల నూనె పెట్టకుంట తోల్తరా ఎవలన్న? ఎండిపోయి కరకర మొత్తుకుంటాంది, పాపం."

నా ప్రాణం పోయినంత పనైంది. స్విచ్చి పీకి అరిచాను. "నూనె పోస్తవా అవ్వా దాంట్లె! నూనె!" నేను అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. వీధిలో స్కూటరు మీద పోతున్నాయన ఆగి చూశాడు. కానీ సాంచల నడుమ బతికిన మనిషికి నా అరుపు మామూలు మాటలాగే వినబడింది.

"ఆఁ, పోసిన," అంది నింపాదిగా. "ఇంక జర పోయ్యాల్నా?"

ఆ సాయంత్రమంతా దూదితో తుడిచాను. అదృష్టం, నూనె ఫ్యాన్ల మీదే పడింది, ఏదీ కాలిపోలేదు, చెడలేదు. నేను కోపంగా ఉన్నానని అక్క చెబితే అవ్వ వచ్చి, అరచేత్తో నేల మీద చరిచి నన్ను కూర్చోబెట్టి, నోట్లో ఇంత బెల్లం ముక్క పెట్టి పోయింది. దాంతో అయిపోయింది మా పంచాయితీ.

రోగం దొరకడం కూడా ఆమె పుణ్యమే, అయితే ఆమె కావాలని చేసింది కాదు. నేను వరండాలో చాయ్ పోసుకుంటున్నాను. లోపల గుడగుడ ఉన్నట్టుండి మాయమైంది. ఆ వెంటనే ఆమె కేక.

"కొడుకా! జెల్ది రా! ఆగింది! నీ సాంచ ఆగింది!"

గ్లాసు వదిలేసి ఉరికాను. నూనె డబ్బా మూత దొర్లి పీట కిందికి పోయిందట. దాన్ని తీయడానికి కంప్యూటర్‌ను రెండు చేతులా ఎత్తి, ముందు భాగం పైకి లేచేట్టు గోడకేసి వాల్చి పట్టుకుంది. మొహంలో నెత్తురు లేదు. తన చేతుల్లోనే ఏదో తెగిపోయిందని ఆమె భయం. నేను చూస్తే లైట్లు వెలుగుతున్నాయి, తెర మీద నా కథ అట్లనే ఉంది, వేడి పెరగలేదు.

"ఆగలేదవ్వా. నడుస్తాంది."

"నడిస్తే సప్పుడేది మరి?"

కంప్యూటర్‌ను నిటారుగా నిలబెట్టాను. గుడగుడ. ఆమె ఊపిరి పీల్చుకుంది. వాల్చాను. నిశ్శబ్దం. నేను ఊపిరి పీల్చుకున్నాను. మళ్లీ నిలబెట్టాను, మళ్లీ వాల్చాను. అది నిలబడితే ఆమెకు సంతోషం, వాలితే నాకు సంతోషం, ఇద్దరం అటూ ఇటూ పట్టుకుని చాలాసేపు దాన్ని ఊపాం.

అప్పటికి నా బుర్రకు తట్టింది. షాపువాళ్లు రేడియేటర్‌ను డబ్బా అడుగున బిగించారు. నీళ్లలో ఉన్న కాస్త గాలీ పైకే పోతుంది. అన్నిటికంటే పైన ఉన్నది పంపు కాబట్టి గాలంతా పోయి పంపులో కూర్చుంది. వాల్చినప్పుడు రేడియేటర్ కొస పంపుకంటే పైకి లేచి, గాలి అందులోకి పోతోంది. రేడియేటర్‌ను విప్పి డబ్బా నెత్తిన బిగిస్తే గాలి పంపును వదిలి పైకి పోతుంది, సప్పుడు పోతుంది. ఒక్క పూట పని. నాకు ఎగరాలన్నంత సంబరం.

చాప మీద ఆమె మళ్లీ పడుకుంది. చేయి తల కింద పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, ఏ బాధా లేని మొహంతో. నా సంబరం సగంలో ఆగింది. ఆ సప్పుడు ఉంటే నా పుస్తకం పోతుంది. ఆ సప్పుడు పోతే ఆమెకు నిద్రే ఉండదు. పోయి అక్కకు చెప్పాను. "నీ పని నీది తమ్మీ, వద్దంటే తప్పు," అంది. "మరి ఈమెను ఏం చెయ్యాలె?"

ఆ మాట నన్ను రెండు రోజులు తినేసింది. తర్వాత నేను చేసిన పని తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. ఇన్నేళ్లూ ఏ సప్పుడూ పడకూడదని ముద్దుగా దాచుకున్న మైకును తీసుకుపోయి ఆ పంపు ముందు పెట్టాను. కిటికీ మూసి, కాకుల్ని తోలి, వరండాలో ఎవరూ మాట్లాడొద్దని చెప్పి, ఆ గుడగుడను శ్రద్ధగా రికార్డు చేశాను. హుక్కా మేడం వింటే మూర్ఛపోయేది. అది అయిపోతే మళ్లీ మొదటికి వచ్చేటట్టు చేసి ఆమె ఫోన్లో ఎక్కించాను. మర్నాడు రేడియేటర్ పైకెక్కింది. గదిలో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం.

అవ్వ ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. "గింత డబ్బాల సాంచను పెట్టినవా?" అని ఆశ్చర్యపోయింది. సప్పుడు పలచగా ఉందని స్టీలు గిన్నెలో పెట్టింది. గిన్నెలో అది గణగణా మోగింది, ఆమెకు నచ్చింది. కానీ మర్నాడే తలుపు కొట్టింది.

"నీ సాంచ మంచిగ నడుస్తలేదు కొడుకా. మాటిమాటికి ఒక పోగు తెంపుతాంది. నేను లేస్తన్న."

నాకు అర్థం కాలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. రికార్డింగు చివర, మళ్లీ మొదలయ్యే చోట, రెప్పపాటు ఖాళీ ఉంది. అక్కడ ఆమె లేచి కూర్చుంటోంది.

"పోగు అతికేటప్పుడు కొసలను ఉమ్మితోని తడి చేసి నలపాలె," అని సలహా ఇచ్చింది నా పక్కన కూర్చుని. కంప్యూటర్‌ను నాకమంటావా అవ్వా అంటే, నాకితే ఏమైతది, మేం బతుకంత నాకలేదా అంది. చివరి గుడగుడను మొదటి గుడగుడ మీదికి ఎక్కించి, అతుకు ఎక్కడుందో నాకే తెలియనంత నున్నగా చేసేసరికి పొద్దు వాలింది. ఏ కథకూ నేను అంత కష్టపడలేదు. ఆమె కళ్లు మూసుకుని వింది, వింటూ వింటూ కూర్చున్నచోటే ఒరిగిపోయింది.

ఆ తర్వాత మా రోజులు బాగా గడిచాయి. మధ్యాహ్నం వరండాలో కూర్చుని నా పెదవులు చూసి కథ పట్టేది, కథ ఆగగానే గదిలోకి పోయి గిన్నెలో ఫోన్ పెట్టుకుని పడుకునేది. బొంతల పుణ్యాన ఆమె గుడగుడ నా మైకుకు అందేది కాదు. పుస్తకం దసరాకు ముందే పోయింది. ఆ పిల్ల చివరికి తల్లింటికి పోనందుకు ఆమె నామీద రెండు రోజులు అలిగింది. దసరా నాడు నూనె డబ్బా పట్టుకుని వస్తే ఈసారి నేనే దగ్గరుండి, కంప్యూటర్ బయట ఒక మూలకు ఒక్క చుక్క పెట్టనిచ్చాను. ఆమె ఒళ్లు తేరుకుంది, కళ్ల కింద నలుపు పోయింది. గిన్నె సప్పుడు మా ఇంటి సప్పుడైపోయింది. అది వినబడితే అవ్వ పడుకుంది, ఎవరూ లేపొద్దు అని అందరికీ తెలుసు.

కిందటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం అక్క చాయ్ పట్టుకుని కిందికి వచ్చింది. గిన్నెలో గుడగుడ నడుస్తోంది. ఇంకా నిద్రలోనే ఉందని తలుపు దగ్గర నుంచే వెనక్కి పోయింది. నేను పని ముగించి బయటికి వచ్చాను, గుడగుడ నడుస్తోంది, నేనూ సప్పుడు చేయకుండా చెప్పులు వేసుకున్నాను. పొద్దు వాలాక అక్క మళ్లీ చాయ్ కాచి తెచ్చి, ఇక లేపుదామని భుజం మీద చేయి వేసింది.

నిద్రలోనే పోయింది. ఎప్పుడు పోయిందో మాలో ఎవరికీ తెలియదు.

ఓనరన్న ఉరికి వచ్చాడు. వాడకట్టు అంతా వచ్చింది. అందరూ ఏడుస్తున్నారు, గిన్నెలో ఫోను మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోవడానికి ఎవరికీ చేయి రాలేదు. కొంతసేపటికి అక్క కొంగుతో మొహం తుడుచుకుని నావైపు చూసింది.

"తమ్మీ, నువ్వు పెట్టిందే గదా. నువ్వే బంద్ చెయ్యి."

గిన్నెలోంచి ఫోను తీశాను. వెచ్చగా ఉంది. చాలాసేపు పట్టుకుని నిలబడ్డాను. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను. తర్వాత నొక్కాను.

సప్పుడు ఆగింది. ఓనరన్న, అక్క, నేను, ముగ్గురం ఒక్కసారే ఆమె మొహం వైపు చూశాం. ఆమె లేవలేదు. ఏమాగిందిరా అని అడగలేదు.